అభిమానం సరే, ఎవరిని చూసి మీరేం మార్చుకున్నారు?

నడిరేయి:

"మీకు స్ఫూర్తి ఎవరు?" అని ఎవరినడిగినా అదే జాబితా. గాంధీ, మదర్ థెరిసా, కలాం, సచిన్. ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన జవాబుల్లా ఉంటాయి. అందుకే ప్రశ్న కాస్త తిప్పి అడుగుతున్నాను. లోకానికి తెలిసిన మనుషుల్లో ఎవరి గురించి తెలుసుకున్నాక మీరు ఏదైనా పని చేసే తీరు మార్చుకున్నారు? పేరు చెప్పి వదిలేయొద్దు. ఆ మనిషి ఏం చేశాడో, దాన్ని చూసి మీరేం చేస్తున్నారో రెండూ చెప్పండి.

ముందు నాది. స్తానిస్లావ్ పెత్రోవ్. సోవియట్ సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్. 1983 సెప్టెంబర్ 26న, అర్ధరాత్రి దాటాక, మాస్కోకి దగ్గర్లో సెర్పుఖోవ్-15 అనే రహస్య బంకర్‌లో డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి అణు క్షిపణి బయల్దేరినట్టు ఉపగ్రహాలు చెబితే వెంటనే పైవాళ్ళకి కబురందించాలి, అదీ ఉద్యోగం. సైరన్ మోగింది. తెర మీద ఎర్రక్షరాలు వెలిగాయి. మొదట ఒక క్షిపణి అంది కంప్యూటర్, కాసేపటికి ఐదంది. దానికి మూడు వారాల ముందే సోవియట్ యుద్ధ విమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. రెండు దేశాలూ కత్తులు నూరుకుంటున్న సమయం.

ఆయన ఆలోచించింది ఇది: నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదంటే ఐదు క్షిపణులే ఎందుకు వదులుతాడు? పైగా ఈ వ్యవస్థ కొత్తది. నేల మీది రాడార్లకి ఏమీ కనబడటం లేదు. అందుకని ఇది దాడి కాదు, యంత్రం లోపం అని పైకి చెప్పాడు. నిజం తేలాలంటే కొన్ని నిమిషాలు ఆగాలి, ఆగాడు. ఏమీ పడలేదు. ఎత్తైన మేఘాల మీద పడిన ఎండ తళుకుని ఉపగ్రహం క్షిపణి మంట అనుకుందని తర్వాత తేలింది. ఇంత చేస్తే ఆయనకి దక్కింది, ఆ రాత్రి లాగ్‌బుక్ సరిగ్గా నింపలేదని మందలింపు! 1990లు వచ్చేదాకా బయటి ప్రపంచానికి ఆయన పేరే తెలీదు.

నాది రాత్రి షిఫ్టులో సర్వర్లకి కాపలా కాసే ఉద్యోగం. అలారం మోగితే చాలు, చేతులు కీబోర్డు మీదకి పరిగెత్తేవి. ఇప్పుడు ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇది నిజమైతే ఇంకెక్కడ కనబడాలి? అక్కడ చూశాకే ఏదైనా ముట్టుకుంటాను. పెత్రోవ్ వల్ల నేనేం మహానుభావుణ్ణి అయిపోలేదు. ఈ ఒక్క అలవాటు వచ్చింది.

లెక్కల మాస్టారు:

భలే మనిషిని పట్టుకొచ్చారు నడిరేయి గారూ. నేను మనవాడి పేరే చెబుతాను. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే మాట వినే ఉంటారు. కండరాలకి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న దాంట్లో ఫాస్ఫోక్రియటిన్, ఏటీపీ అనే పదార్థాల మీద జరిగిన తొలి పని వీళ్ళిద్దరిదే. అంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. 1940లో, నలభై ఐదేళ్ళ వయసులో, లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళాడు. అక్కడి నుంచి ఎనిమిదేళ్ళే బతికాడు. ఆ ఎనిమిదేళ్ళలోనే ఆయన బృందం నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ వచ్చింది, బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాడిన అమినోప్టెరిన్ అక్కడిదే. క్యాన్సర్‌కి నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దాని చెల్లెలే.

నలభై దాటాక నాకు పైచదువు చదవాలనిపించింది. ఇంట్లో "ఇప్పుడెందుకండీ ఈ తంటా" అన్నారు. సుబ్బారావుని తలుచుకుని ఫీజు కట్టేశాను.

చేదునిజం:

మాస్టారూ, ఫీజు కట్టేటప్పుడు ఆయన భార్యని కూడా తలుచుకున్నారా? 1922లో ఆవిణ్ణి ఇక్కడ వదిలి వెళ్ళినవాడు మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టలేదు. గొప్పవాళ్ళ కథల్లో ఈ పేరా ఎప్పుడూ మాయమైపోతుంది.

ఇంకో మాట. నలభై ఐదులో ఉద్యోగం పోగొట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టి, ఏమీ సాధించకుండా పోయినవాళ్ళు ఆయనకంటే తక్కువ కష్టపడ్డారా? గెలిచినవాడి వెనక నిలబడి చూస్తే ప్రతి అడుగూ సరైనదిగానే కనబడుతుంది. ఓడినవాడు అవే అడుగులు వేసి ఉంటే దాన్ని మొండితనం అంటాం.

లెక్కల మాస్టారు:

తలుచుకున్నాను నాయనా. ఆయనకి మా అమ్మాయిని ఇస్తానని నేను అనలేదు కదా! నేను తీసుకున్నది ఒకటే, వయసు మించిపోయిందనే మాటని ఆయన లెక్కచేయకపోవడం. భర్తగా ఆయన్ని ఎవరైనా నిలదీస్తే అడ్డుపడను, నిలదీయాల్సిందే.

మీ రెండో మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేను కోర్సు పూర్తి చేశాను, దానివల్ల జీతం పైసా పెరగలేదు. మరి నాది మొండితనమా, పట్టుదలా? మీరే చెప్పండి.

తెల్లకోటు:

హాస్పిటల్లో నర్సుని. నాకు పాఠం చెప్పినవాడు ఓడిపోయినవాడే, చేదునిజం గారు ఈయన్ని ఒప్పుకుంటారేమో. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. 1847లో వియన్నాలో పెద్దాసుపత్రి ప్రసూతి విభాగంలో డాక్టరు. అక్కడ రెండు వార్డులు. డాక్టర్లు, మెడికల్ విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు జ్వరంతో రాలిపోతున్నారు. మంత్రసానులు చూసే వార్డులో చావులు బాగా తక్కువ. విద్యార్థులు శవాలు కోసిన చేతులతోనే కాన్పులకి వస్తున్నారని ఈయన పసిగట్టాడు. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కునే లోపలికి రావాలని రూలు పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోతున్న వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు రెండుకి దిగింది.

అందరికీ తెలిసిన కథ ఇక్కడితో ఆగుతుంది. ఆ తర్వాతి సగమే నాకు ముఖ్యం. ఆయన తన పరిశోధనని ఏళ్ళ తరబడి పుస్తకంగా రాయలేదు. ఒప్పుకోని ప్రొఫెసర్లని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. విననివాళ్ళదే పెద్ద తప్పు, సందేహం లేదు. కానీ ఎదుటివాడు వినేలా చెప్పడం కూడా పనిలో భాగమేనని నాకు ఈయన్ని చూశాకే అర్థమైంది.

మా వార్డులో చేతులు శుభ్రం చేసుకోకుండా బెడ్ దగ్గరికి వచ్చే పెద్ద డాక్టరొకాయన ఉండేవారు. ఇదివరకైతే లోపల్లోపల ఉడికిపోయేదాన్ని, లేదా అందరి ముందూ అనేసేదాన్ని. ఇప్పుడు ఆయన గుమ్మం దాటకముందే శానిటైజర్ బాటిల్ పట్టుకుని ఎదురెళ్తాను, "సార్, ఇలా చెయ్యి పెట్టండి" అంటాను. నవ్వుతూ పెడతారు. అంతే.

కవర్‌డ్రైవ్:

ధోనీ పేరు లేకుండా ఇలాంటి చర్చేంటండీ?

నడిరేయి:

తప్పకుండా. ధోనీని చూసి మీరేం మార్చుకున్నారు?

కవర్‌డ్రైవ్:

జుట్టు పెంచాను.

మొదటిబెంచి:

నేను ఇంటర్ చదువుతున్నాను. నడిరేయి అన్నా, కలాం గారిది బట్టీ జవాబు అన్నారు కదా, కాస్త బాధనిపించింది. అందరూ చెప్పినంత మాత్రాన అబద్ధం అయిపోతుందా? 1979 ఆగస్టులో శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం ఫెయిలై రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. దానికి ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారే. అలాంటి దెబ్బ తిని మళ్ళీ లేచి 1980 జూలైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. నాకు ఒక సబ్జెక్ట్ పోయినప్పుడు ఇదే గుర్తుచేసుకున్నాను.

నడిరేయి:

నేనన్నది కలాం గారిని కాదు తల్లీ, ఆలోచించకుండా ఆయన పేరు చెప్పేవాళ్ళని. నువ్వు ఏ తేదీ, ఏ రాకెట్ అని చెప్పావు కాబట్టి నీది ఆ లెక్కలోకి రాదు.

అదే కథలో ఇంకొకాయన ఉన్నాడు చూడు. సతీశ్ ధావన్, అప్పటి ఇస్రో ఛైర్మన్. రాకెట్ పడిపోయిన రోజు విలేకరుల ముందుకి తనే వెళ్ళి బాధ్యత నెత్తినేసుకున్నాడు. మరుసటి ఏడాది గెలిచినప్పుడు మాత్రం, నువ్వెళ్ళి మాట్లాడు అని కలాంని ముందుకి తోశాడు. ఈ సంగతి మనకి ఎలా తెలుసు? కలాం గారు బతికున్నన్నాళ్ళూ వేదిక దొరికినప్పుడల్లా చెప్పారు కాబట్టి. ధావన్ చేసింది ఎంత గొప్పదో, దాన్ని దాచుకోకుండా చెప్పుకుంటూ తిరగడం కూడా అంతే గొప్పదని నాకనిపిస్తుంది. మా టీమ్ లీడ్ ఒకాయన పైవాళ్ళతో మీటింగుల్లో గెలుపుకి "నేను", తప్పుకి "మావాళ్ళు" అంటుంటాడు. ధావన్ గురించి ఓ పేజీ ప్రింట్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టాలని చాలాసార్లు చేతులు దురదపెట్టాయి.

ఎదురుగాలి:

నాది చిక్కుముడి. ఎవరైనా విప్పండి. మా అన్నయ్యకి ఇరవైల్లో వృషణాల క్యాన్సర్ వచ్చింది. కీమో జరుగుతున్నన్ని రోజులూ మంచం పక్కన అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫొటో ఉండేది. ఆయనకీ అదే జబ్బు, 1996లో. ఊపిరితిత్తులకి, మెదడుకి కూడా పాకింది. కోలుకుని 1999 నుంచి వరసగా ఏడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాడు. అన్నయ్య చేతికి ఆర్మ్‌స్ట్రాంగ్ అభిమానులు పెట్టుకునే పసుపు రబ్బరు బ్యాండ్ ఉండేది. వాంతులు చేసుకుంటూ కూడా దాన్ని తియ్యనిచ్చేవాడు కాదు. అన్నయ్య బతికాడు, ఇప్పుడు బాగున్నాడు.

2012లో ఆ ఏడు టైటిళ్ళూ లాగేసుకున్నారు. మరుసటి జనవరిలో తనే టీవీలో ఒప్పుకున్నాడు, అన్నీ డోపింగ్‌తోనే గెలిచానని. అన్నయ్య ఆ బ్యాండ్ పారేయలేదు, పెట్టుకోనూ లేదు. సొరుగులో పడేశాడు. ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ మాకు స్ఫూర్తి ఇచ్చినట్టా, మమ్మల్ని మోసం చేసినట్టా?

చేదునిజం:

మోసం చేసింది రేసుల్లో. జబ్బు నాటకం కాదు, కోలుకోవడమూ నాటకం కాదు. మీ అన్నయ్య పట్టుకున్నది ఆ రెండోదాన్నే. బ్యాండ్ పెట్టుకోవడం ఆయనిష్టం. కానీ తన నిజాలు బయటపెట్టినవాళ్ళని ఈ మనిషి ఏళ్ళ తరబడి కోర్టులకీడ్చి, అబద్ధాలకోరులని ముద్రవేసి ఏడిపించాడు. నేను క్షమించనిది దాన్ని. డోపింగ్ మందులు వాడినవాళ్ళు ఆ రోజుల్లో సైక్లింగ్‌లో చాలామంది ఉన్నారు.

తెల్లకోటు:

ఎదురుగాలి గారూ, అన్నయ్యగారు బాగున్నందుకు సంతోషం. వార్డులో ఉండే మనిషిగా ఒక మాట చెబుతాను, ఏమనుకోవద్దు. "ఆత్మబలంతో క్యాన్సర్‌ని జయించాడు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జయించలేనివాళ్ళకి ఆత్మబలం లేదనా? ఎంతో ధైర్యంగా ఉన్నవాళ్ళు పోవడం చూశాను. రోజూ ఏడ్చి, తిట్టి, మందు వద్దని మొరాయించినవాళ్ళు నడుచుకుంటూ ఇంటికెళ్ళడమూ చూశాను.

ఆర్మ్‌స్ట్రాంగ్ బతకడానికి ముఖ్య కారణం సిస్ప్లాటిన్ అనే మందు. దాని కథ వింటే నవ్వొస్తుంది. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, కరెంటు పెడితే బ్యాక్టీరియా ఏమవుతుందా అని చూస్తున్నాడు. అవి విడిపోకుండా పొడుగ్గా సాగిపోయాయి. కరెంటు మహిమేమో అనుకున్నారు. తీరా చూస్తే ఎలక్ట్రోడ్ ప్లాటినం నీళ్ళలో కరిగి కణాలు చీలకుండా ఆపుతోంది. కణాలు చీలకుండా ఆపేదంటే క్యాన్సర్‌కి మందే కదా! 1974లో అమెరికాలోని ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే కుర్ర డాక్టరు దాన్ని మరో రెండు మందులతో కలిపి ఇచ్చాడు. అప్పటిదాకా శరీరమంతా పాకిన వృషణాల క్యాన్సర్ వస్తే ఇక చెప్పేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కువమంది బతుకుతున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి వైద్యం జరిగింది ఆ ఇండియానాలోనే.

అన్నయ్యగారికీ సిస్ప్లాటిన్ ఉన్న కీమోనే ఇచ్చి ఉంటారు. ఫొటో మార్చాలనుకుంటే ఐన్‌హార్న్‌ది పెట్టుకోమనండి.

ఎదురుగాలి:

మేడమ్, ఆ పేరు ఇంతవరకూ మా ఇంట్లో ఎవరూ వినలేదు. అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. "బట్టతలాయన ఫొటో దొరికితే పంపు" అన్నాడు. ఆయనకి బట్టతల ఉందో లేదో నాకు తెలీదు!

కానీ ఒకటి. ఆ నాలుగు నెలలూ అన్నయ్యని మంచం మీంచి లేపింది మాత్రం సైకిలు తొక్కేవాడే. మందు ఒంట్లోకి వెళ్ళాలంటే మనిషి ముందు హాస్పిటల్‌కి వెళ్ళాలి కదా. కీమోకి వెళ్ళనని వాడు తలుపేసుకున్న రోజులు ఉన్నాయి.

తెల్లకోటు:

ఒప్పుకుంటున్నాను. అది మేం చేయలేని పనే.

రెండోస్థానం:

ఆటల మాట వచ్చింది కాబట్టి. 1968 మెక్సికో ఒలింపిక్స్, 200 మీటర్ల పరుగు. నల్లజాతివాళ్ళ మీద వివక్షకి నిరసనగా, పతకాల వేదిక మీద నల్ల గ్లవ్స్ వేసుకుని తలవంచి పిడికిళ్ళెత్తిన అమెరికా ఆటగాళ్ళు టామీ స్మిత్, జాన్ కార్లోస్‌ల ఫొటో చూడనివాళ్ళు ఉండరు. దాంట్లో మూడో మనిషిని గమనించారా? పీటర్ నార్మన్. ఆస్ట్రేలియా తెల్లవాడు, రజతం. చెయ్యెత్తలేదు. కానీ ఛాతీ మీద చూడండి, వాళ్ళిద్దరూ పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జీయే ఈయనకీ ఉంది. ఒక అమెరికా పడవపందెం ఆటగాడి దగ్గర అడిగి తీసుకుని పెట్టుకున్నాడు.

కార్లోస్ తన గ్లవ్స్ తెచ్చుకోవడం మర్చిపోయాడు. ఉన్నది ఒకటే జత, చెరొకటి వేసుకోండి అని సలహా ఇచ్చింది నార్మనే. ఫొటోలో ఒకరు కుడిచెయ్యి, ఇంకొకరు ఎడమచెయ్యి ఎత్తడానికి కారణం అదీ.

ఇంటికెళ్ళాక ఆయనకి మర్యాద దక్కలేదు. 1972 ఒలింపిక్స్‌కి పంపలేదు. ఎందుకు పంపలేదన్న దాని మీద ఆస్ట్రేలియాలో ఇప్పటికీ కొట్టుకుంటారు. 2006లో ఆయన పోతే శవపేటిక మోసినవాళ్ళలో స్మిత్, కార్లోస్ ఇద్దరూ ఉన్నారు. ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది 2012లో. ఆయన ఆ రోజు పరిగెత్తిన 20.06 సెకన్లు ఆ దేశపు రికార్డుగా 2024 డిసెంబర్ దాకా నిలబడింది.

శాన్ హోసే యూనివర్సిటీలో ఆ దృశ్యానికి విగ్రహాలు పెట్టారు. రెండో స్థానం ఖాళీ. అలా ఉంచమని నార్మనే కోరాడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు అక్కడ ఎక్కి నిలబడాలని.

నేను ఏం మార్చుకున్నానంటారా? మా ఆఫీసులో ఒకమ్మాయి తనతో తప్పుగా ప్రవర్తించిన మేనేజర్ మీద ఫిర్యాదు ఇచ్చింది. మిగతావాళ్ళం "పాపం" అనుకుంటూ టీ తాగుతున్నాం. ఆ ఫిర్యాదు మీద సాక్షిగా రెండో సంతకం నేను పెట్టాను. ఉద్యమం చేయలేదు, స్పీచ్ ఇవ్వలేదు. సంతకం పెట్టాను, అంతే. ఆ ఏడాది నా ఇంక్రిమెంట్ ఆగింది.

చేదునిజం:

ఈ చర్చలో నేను మారుమాట్లాడకుండా మెచ్చుకునే మొదటి పోస్ట్ ఇది. ఎందుకో కూడా చెబుతాను. పెత్రోవ్‌ది డ్యూటీ. సుబ్బారావుది తన పని. నార్మన్‌కి ఆ గొడవతో సంబంధమే లేదు. పతకం మెడలో వేసుకుని ఊరుకుంటే హాయిగా బతికేవాడు.

మొదటిబెంచి:

మా కాలేజీలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు, "నన్ను కదిలించిన వ్యక్తి" అని. కలాం గారి గురించే రాసుకున్నా. ఇవన్నీ చదివాక మార్చాలనిపిస్తోంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయితే ఎలా ఉంటుంది? 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా ఉంది. టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దన్నారు. నెహ్రూ గారొచ్చారు, టికెట్ లేదు. పంపనంది! నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నా వయసుకంటే చిన్నది అప్పుడు.

చేదునిజం:

బాగుంది. కానీ ఒకటి గమనించు. అవతల ఉన్నది నెహ్రూ కాబట్టి ఆ పిల్లని మెచ్చుకున్నాడు. ఇంకెవరైనా అయితే "నేనెవరో తెలుసా" అని ఉండేవాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ధైర్యానికి, ఆగినవాడి సంస్కారం కూడా తోడవ్వాలి. నీ ఐదు నిమిషాల్లో అర నిమిషం దానికివ్వు.

లెక్కల మాస్టారు:

అమ్మాయీ, మంచి మనిషిని ఎంచుకున్నావు. ఆవిడకి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికొచ్చి చదువుకుంది, లాయరైంది, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇవన్నీ చెప్పాలని ఆశపడకు, ఐదు నిమిషాలు చాలవు. గుమ్మం దగ్గర కథ ఒక్కటే నింపాదిగా చెప్పు. "మహోన్నత వ్యక్తిత్వం", "ఆదర్శమూర్తి", "చిరస్మరణీయురాలు" లాంటివి కనబడితే కొట్టెయ్యి. అవి వస్తే హాల్లో అందరూ ఫోన్లు తీస్తారు.

తెల్లకోటు:

మాస్టారూ, ఆ కాలపు మాట వచ్చింది కాబట్టి కందుకూరి వారి ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మగారి పేరు ఇక్కడ వెయ్యాలి. 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిగినప్పుడు ఊరంతా వెలేసినంత పని చేసింది. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. గోదావరి నుంచి నీళ్ళు మోసి, పెళ్ళివారికి వంట చేసింది ఆవిడే. వీరేశలింగం గారి పేరుతో సంస్థలు, వీధులు చాలానే ఉన్నాయి. ఆ రోజు వంట కాకపోతే పెళ్ళి ఎలా జరిగేదో!

మొదటిబెంచి:

అయ్యో, ఇప్పుడు మళ్ళీ మనసు మారిపోతోంది. ఇద్దరిలో ఎవరు?

చేదునిజం:

దుర్గాబాయినే ఉంచు, ఆవిడ కథ ఇక్కడ చెప్పేశావుగా. తేదీలు మాత్రం సరిచూసుకో. ఆవిడ పుట్టింది 1909 జూలైలో, కాకినాడ సభలు 1923 డిసెంబర్లో. అంటే పద్నాలుగేళ్ళు నిండాయి. ఎక్కడైనా పన్నెండని కనబడితే నమ్మకు. చదివాక ఎలా జరిగిందో వచ్చి చెప్పు.